నియమాలు మారితే నిలకడ ఏమవుతుంది? : క్రికెట్ బౌలింగుపై ఒక పరిశీలన

(బి.యస్సి. తుది సంవత్సరం విద్యార్థి)

మన కళాశాలలో ఈ ఏడు జరిగిన తరగతుల మధ్య క్రికెట్ పోటీలను గురించి యూనియన్ నివేదికలో రెండు మూడు వాక్యాలుంటాయి. ఏ తరగతి గెలిచింది, బహుమతి ఎవరి చేతుల మీదుగా అందింది అన్న సంగతులు అందులో ఉంటాయి. ఆ పోటీలకు ముందు జరిగిన చిన్న సమావేశం సంగతి మాత్రం ఉండదు. ఆ సమావేశంలో ఒక మిత్రుడు లేచి, "ఐ.పి.యల్.లో మాదిరి మనమూ ఇంపాక్ట్ ప్లేయర్ రూలు పెడదాం. ఆట జోరుగా ఉంటుంది, ఇంకో మనిషికి అవకాశమూ దొరుకుతుంది" అన్నాడు. ఒప్పుకొనేవాళ్లు చేతులెత్తమన్నారు. ఎత్తినవాళ్లలో నేనూ ఒకణ్ణి.

మా తరగతిలో ఒక బౌలరున్నాడు. ఎమ్మిగనూరు చేనేత కుటుంబం నుంచి వచ్చినవాడు. పొద్దున మగ్గం దగ్గర ఇంటివాళ్లకు సాయం చేసి, తర్వాత బస్సెక్కి కాలేజీకి వస్తాడు. బంతిలో పెద్ద వేగం లేదు. కాని ఎక్కడ వెయ్యాలనుకుంటాడో అక్కడే పడుతుంది. బ్యాటు పట్టుకొని ఎనిమిదో మనిషిగా వచ్చి పదో పదిహేనో పరుగులు తీస్తాడు. మొదటి మ్యాచిలో అతడు మూడు ఓవర్లు వేసి 13 పరుగులిచ్చాడు. మా బౌలింగు అయిపోగానే అతణ్ణి తీసి ఒక హిట్టరును దింపాం. గెలిచాం. రెండో మ్యాచిలోనూ అంతే చేశాం, అంతే గెలిచాం. మూడో మ్యాచి రోజు అతడే, "నాది సగం ఆటే గదప్పా, ఆ సగానికి ఇంగెవరినైనా పెట్టుకోండి" అని వేపచెట్టు కింద కూర్చున్నాడు. ఆ తర్వాత సాయంత్రం ప్రాక్టీసుకు రావడం తగ్గించాడు.

మేము నియమం ప్రకారమే ఆడాం. ఎవరినీ మోసగించలేదు. అయినా ఎక్కడో ఏదో తప్పిందన్న బాధ నన్ను వదల్లేదు. ఆ తప్పు నియమంలో ఉందా, మాలో ఉందా, లేక ఇదంతా ఆటలో మామూలేనా? నేను చదువుకొన్న లెక్కతో, చూసిన ఆటతో ఈ ప్రశ్నకు జవాబు వెదకడమే ఈ వ్యాసం ఉద్దేశం.

నిలకడ అంటే ఏమి?

ఇద్దరు బౌలర్లను ఊహించుకుందాం. ఒక్కొక్కరు నాలుగు మ్యాచిల్లో నాలుగేసి ఓవర్లు వేశారు. మొదటివాడు ఇచ్చిన పరుగులు వరుసగా 28, 30, 31, 27. రెండోవాడు ఇచ్చినవి 14, 48, 16, 38. కూడి చూస్తే ఇద్దరివీ 116 పరుగులే, సగటు 29. పత్రికలో పడే పట్టికలో ఇద్దరూ సరిసమానులు. కాని మనం సంఖ్యాశాస్త్రంలో చదివే ప్రామాణిక విచలనం కడితే మొదటివాడిది సుమారు 1.6, రెండోవాడిది సుమారు 14.5 వస్తుంది. అంటే మొదటివాడి చేతికి బంతి ఇచ్చే కెప్టెనుకు ఏమి జరగబోతుందో దాదాపు తెలుసు. రెండోవాడి చేతికి ఇచ్చేటప్పుడు మాత్రం దేవుడికి దండం పెట్టుకోవాలి. ఈ మొదటి గుణానికే నేను నిలకడ అని పేరు పెడుతున్నాను.

సగటు వేరు, నిలకడ వేరు అన్నది మా ప్రాంతపు రైతుకు ఎవరూ చెప్పనక్కరలేదు. మాది మెట్ట సేద్యం. ఈ ఏడు సగటు వాన పడిందని కాగితం మీద రాయవచ్చు. ఆ వానంతా నాలుగు రోజుల్లో కురిసి, శనక్కాయ ఊడలు దిగే రోజుల్లో నెల పొడుగునా చినుకు లేకపోతే ఆ సగటు ఎవరికి అన్నం పెట్టింది?

అయితే నిలకడను ఒంటరిగా కొలవలేం. చుట్టూ ఏమి జరుగుతున్నదో కూడా చూడాలి. 2024 మార్చి 27న హైదరాబాదు ఉప్పల్ మైదానంలో సన్‌రైజర్స్ జట్టు ముంబయి ఇండియన్స్ మీద 20 ఓవర్లలో 3 వికెట్లకు 277 పరుగులు చేసింది. ఆ రోజు జస్‌ప్రీత్ బుమ్రా 4 ఓవర్లలో 36 పరుగులిచ్చాడు, వికెట్టు దొరకలేదు. ఓవరుకు 9 పరుగులంటే మామూలు రోజున గొప్పేమీ కాదు. కాని మిగిలిన 16 ఓవర్లలో ఆ జట్టు ఇచ్చినవి 241, అంటే ఓవరుకు 15 పైన. ఊరంతా వరదలో కొట్టుకుపోతుంటే ఒక్క గట్టు తెగకుండా నిలబడ్డట్టు లెక్క.

ఇంకొక ఉదాహరణ మన రాయలసీమదే. 2025 అక్టోబరు 30న మహిళల ప్రపంచ కప్పు సెమీఫైనల్లో ఆస్ట్రేలియా 338 పరుగులు చేసింది. మన కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి ఆ రోజు తన 10 ఓవర్లలో 49 పరుగులే ఇచ్చి 2 వికెట్లు తీసింది. మిగిలిన దాదాపు 40 ఓవర్లలో ఆస్ట్రేలియాకు వచ్చినవి 289, ఓవరుకు ఏడు పైనే. భారత జట్టు ఆ లక్ష్యాన్ని ఛేదించి ఫైనలుకు వెళ్లి, నవంబరు 2న కప్పు గెలిచింది. ఆ టోర్నమెంటులో శ్రీచరణి వికెట్లు 14. సెమీఫైనలు కథలో జెమీమా రోడ్రిగ్స్ చేసిన 127 పరుగులే అందరికీ గుర్తుంటాయి, అది న్యాయమే. కాని ఆ 49 పరుగుల స్థానంలో 75 ఉండి ఉంటే కథ ఎటు పోయేదో ఆలోచించండి.

ఎద్దు మారదు, గెలిచేది మారుతుంది

నిలకడ పూర్తిగా మనిషిలోనే ఉంటుందా, లేక నియమాల మీద కూడా ఆధారపడుతుందా? ఇదే అసలు ప్రశ్న. మా వైపు జాతరల్లో బండలాగుడు పోటీలు చూడనివారుండరు. పెట్టిన గడువులో ఏ కాడి ఎద్దులు బండను ఎక్కువ దూరం లాగితే ఆ కాడికి బహుమతి. ఇంపాక్ట్ రూలు గురించి ఇంట్లో చెప్పినప్పుడు మా నాయన ఈ పోటీనే ఎత్తుకున్నాడు. "గడువు సగం చేసినారనుకో, మొదట్లో దుమికే కాడి గెలుస్తాది. గడువు పెంచితే నిదానంగా లాగేది గెలుస్తాది. రూలు మారిస్తే ఎద్దు మారదురా, గెలిచేది మారుతాది" అన్నాడు.

నాలుగు పుస్తకాలు చదివి నేను చెప్పదలచుకున్న మాట ఇదే. నియమం మారినప్పుడు బౌలరు చెయ్యి మారదు. ఆ చేతికి ఉన్న విలువ మారుతుంది. కాబట్టి ఏ మార్పు గురించి వాదించినా, "ఆట రంజుగా ఉందా?" అని ఒక్కటే అడిగితే చాలదు. "ఈ మార్పు తర్వాత కూడా నిలకడగలవాడికీ లేనివాడికీ తేడా కనిపిస్తుందా?" అని రెండో ప్రశ్న అడగాలి. ఈ గీటురాయి మీద కొన్ని మార్పులను రుద్ది చూద్దాం.

బంతి చుట్టూ జరిగిన మార్పులు

మొదట బంతి సంగతి. కొత్త బంతి గాలిలో ఎందుకు వంగుతుందో మన భౌతికశాస్త్రం చెబుతుంది. కుట్టును కాస్త పక్కకు తిప్పి వేసినప్పుడు, కుట్టు ఉన్న వైపు గాలిపొర కలత చెంది బంతిని ఎక్కువసేపు అంటిపెట్టుకొని ఉంటుంది. నునుపు వైపు గాలిపొర ముందుగానే విడిపోతుంది. ఆ తేడా వల్ల బంతి కుట్టు వైపు వంగుతుంది. బంతి పాతబడి ఒక పక్క బాగా గరుకై, రెండో పక్కను ఆటగాళ్లు రుద్ది నునుపుగా కాపాడితే, వేగంగా వేసేవాడి చేతిలో అది ఎదురు వైపు తిరుగుతుంది. దానినే రివర్స్ స్వింగ్ అంటారు. అంటే బౌలరుకు కొత్త బంతి ఒక ఆయుధం, బాగా పాతబడిన బంతి రెండో ఆయుధం.

2011 అక్టోబరు నుంచి వన్డే మ్యాచిల్లో ఒక్కో చివర నుంచి ఒక్కో కొత్త బంతి వాడే నియమం వచ్చింది. లెక్క సులువు. ఇన్నింగ్సు 50 ఓవర్లయితే ఏ బంతి వయసూ 25 ఓవర్లు దాటదు. రెండో ఆయుధం దాదాపు చేతిలోంచి పోయింది. చివరి పది ఓవర్లలో నిలకడగా యార్కర్లు వేసే బౌలరుకు సాయపడే గరుకుదనం బంతిలో మిగల్లేదు. ఈ విషయం మీద ఏళ్ల తరబడి వాదనలు నడిచాయి. చివరికి 2025 జులై నుంచి నియమాన్ని సవరించారు. ఇప్పుడు 34 ఓవర్ల వరకే రెండు బంతులు. ఆ తర్వాత బౌలింగు జట్టు వాటిలో ఒకదాన్ని ఎంచుకొని మిగిలిన 16 ఓవర్లు దానితోనే వెయ్యాలి. అప్పటికి ఆ బంతి వయసు 17 ఓవర్లు, ఆట ముగిసేనాటికి 33. ఇరవై అయిదుకూ ముప్పై మూడుకూ తేడా ఎనిమిదే కదా అనిపిస్తుంది. కాని ఆ ఎనిమిది ఓవర్ల గరుకు ఎంతో బౌలరు వేళ్లకే తెలుస్తుంది.

ఉమ్మి సంగతి కూడా ఇలాంటిదే. కరోనా రోజుల్లో, 2020 జూన్‌లో, బంతికి ఉమ్మి రాయడాన్ని అంతర్జాతీయ క్రికెట్ మండలి తాత్కాలికంగా నిషేధించింది. 2022లో ఆ నిషేధం శాశ్వతమైంది. బంతి ఒక పక్కను నిగారింపుగా, బరువుగా ఉంచడానికి చెమట కంటే ఉమ్మి బాగా పనిచేస్తుందని బౌలర్ల మాట. 2025 మార్చిలో మహమ్మద్ షమీ ఈ నిషేధం ఎత్తివేయమని బహిరంగంగానే కోరాడు. అదే నెలలో మన బోర్డు ఐ.పి.యల్. వరకు నిషేధాన్ని తొలగించింది. మన హైదరాబాదు మహమ్మద్ సిరాజ్ ఆ నిర్ణయాన్ని స్వాగతించాడు.

పై రెండు ఉదాహరణల్లోనూ మార్పు మంచి ఉద్దేశంతోనే వచ్చింది. కాని దాని బరువు మోసింది మాత్రం బౌలరే. మళ్లీ సవరణ వచ్చేదాకా వన్డేల్లో దాదాపు పద్నాలుగేళ్లు పట్టింది. బౌలరు ఆటజీవితం ఎన్నేళ్లుంటుంది? ఒక తరం బౌలర్లు ఆ నియమం కిందనే మొదలుపెట్టి, ఆ నియమం కిందనే ముగించారు.

పన్నెండో మనిషి

ఇప్పుడు నేను చెయ్యెత్తిన నియమానికి వస్తాను. ఇంపాక్ట్ ప్లేయర్ విధానాన్ని మొదట 2022 అక్టోబరులో సయ్యద్ ముస్తాక్ అలీ ట్రోఫీలో ప్రయత్నించి, 2023లో ఐ.పి.యల్.లోకి తెచ్చారు. జట్టు పదకొండుమందితోపాటు అయిదుగురు అదనపు ఆటగాళ్ల పేర్లిస్తుంది. వారిలో ఒకణ్ణి ఆట మధ్యలో దింపవచ్చు. బయటికి పోయినవాడు మళ్లీ రాకూడదు. 2023 మార్చి 31న అహ్మదాబాదులో జరిగిన తొలి మ్యాచిలోనే చెన్నయి జట్టు ఈ నియమాన్ని వాడింది. అలా బయటికి వెళ్లిన మొట్టమొదటి ఆటగాడు గుంటూరులో పుట్టిన అంబటి రాయుడు. అతని స్థానంలో బౌలరు తుషార్ దేశ్‌పాండే వచ్చి 3.2 ఓవర్లలో 51 పరుగులిచ్చాడు. చెన్నయి ఓడిపోయింది. కొత్త మనిషిని దింపితే చాలు గెలుపు వస్తుందన్న హామీ లేదని మొదటి రోజే తేలింది.

ఈ నియమం బౌలరు నిలకడను ఎలా తాకుతుంది? పదకొండుమంది ఆటలో ఆరో, ఏడో వికెట్టు పడితే తోకభాగం మొదలవుతుంది. అందుకని పైవాళ్లు కొంత ఒళ్లు దగ్గర పెట్టుకొని ఆడాలి. కెప్టెను ఒక బౌలరును తగ్గించుకోకుండానే ఇంకో బ్యాటరును చేర్చుకోగలిగితే, ఎనిమిదో స్థానంలో కూడా అసలైన బ్యాటరే వస్తాడు. పైవాళ్లకు భయం పోతుంది. బౌలరు ఎంతో ఓర్పుతో తీసిన వికెట్టు విలువ తగ్గిపోతుంది. బౌలరు మాత్రం నాలుగు ఓవర్లకు మించి వెయ్యడానికి లేదు. బ్యాటింగుకు కొత్త చెయ్యి వచ్చినా, వేసే చేతికి ఓవరు పెరగలేదు.

ఇదే హైదరాబాదు జట్టు చరిత్ర చూడండి. 2016లో సన్‌రైజర్స్ కప్పు గెలిచినప్పుడు ఆ జట్టు పేరు బౌలింగుతో ముడిపడి ఉండేది. భువనేశ్వర్ కుమార్ 2016లో 23, 2017లో 26 వికెట్లు తీసి రెండేళ్లూ అందరికంటే ముందు నిలిచాడు. 2018 ఏప్రిల్‌లో ముంబయి వాంఖడే మైదానంలో ఈ జట్టు 118 పరుగులకే ఆలౌట్ అయింది. అయినా ముంబయిని 87 పరుగులకు కూల్చి 31 పరుగుల తేడాతో గెలిచింది. అదే జట్టు 2024 మార్చిలో అదే ముంబయి మీద 277 కొడితే, ఎదుటివాళ్లు 246 దాకా వచ్చారు. చిత్రమేమంటే ఇక్కడా తేడా 31 పరుగులే! ఏప్రిల్ 15న బెంగళూరులో 287 కొడితే ఎదుటివాళ్లు 262 కొట్టారు. ఒక్క మ్యాచిలో 549 పరుగులు.

ఈ మార్పంతా ఇంపాక్ట్ నియమం వల్లనే వచ్చిందని నేనంటే మా భౌతికశాస్త్రం మాస్టారు ఒప్పుకోరు. ప్రయోగంలో ఒక్క అంశాన్నే మార్చి మిగతావన్నీ స్థిరంగా ఉంచినప్పుడు గదా కారణం తెలిసేది! వాంఖడే వేరు, ఉప్పల్ వేరు, పిచ్చి వేరు. ట్రావిస్ హెడ్, అభిషేక్ శర్మ, క్లాసెన్ వంటి బ్యాటర్లు ఏ నియమం కిందనైనా కొట్టేవారే. బ్యాట్లు మారాయి, సాధన మారింది. కాబట్టి నియమం అనేక కారణాల్లో ఒకటి అని మాత్రమే చెప్పగలను.

కాని ఆల్‌రౌండరు విషయంలో దెబ్బ నేరుగా తగులుతుంది. కొంత బ్యాటింగు, కొంత బౌలింగు వచ్చినవాడి అవసరం, పదకొండుమందిలో రెండు పనులూ సర్దుకోవలసి రావడం వల్లనే పుట్టింది. పన్నెండోవాడు వచ్చాక ఆ సర్దుబాటు అక్కరలేదు. 2024 ఏప్రిల్‌లో రోహిత్ శర్మ ఈ మాటే అన్నాడు. క్రికెట్ పదకొండుమంది ఆట, ఈ నియమం ఆల్‌రౌండర్ల ఎదుగుదలకు అడ్డం, శివమ్ దూబే, వాషింగ్టన్ సుందర్ లాంటివారికి బౌలింగే దొరకడం లేదని అతని అభిప్రాయం. 2024లో బోర్డు సయ్యద్ ముస్తాక్ అలీ ట్రోఫీ నుంచి ఈ నియమాన్ని తీసివేసింది. ఐ.పి.యల్.లో మాత్రం 2027 దాకా ఉంచుతామన్నది. నియమాన్ని మొదట పరీక్షించిన నారుమడిలోనే దాన్ని పీకేశారు, పెద్ద పొలంలో మాత్రం ఉంచుకున్నారు.

రెండు మళ్లు, రెండు ఎరువులు

డల్లాసులో ఉద్యోగం చేస్తున్న మా పెద్దమ్మ కొడుకు ఫోనులో ఈ గోలంతా విని, "ఇది అమెరికాలో యాభై ఏళ్ల కిందటి తగాదానేరా" అన్నాడు. ఆయన చెప్పిన దారిలో చదివితే చాలా సంగతులు తెలిశాయి.

బేస్‌బాల్లో బంతి విసిరేవాణ్ణి పిచ్చరంటారు. ఆయన మట్టిదిబ్బ మీద నిలబడి విసురుతాడు. 1968లో పిచ్చర్ల చెయ్యి మరీ పైనయింది. బాబ్ గిబ్సన్ ఆ ఏడు తొమ్మిది ఇన్నింగ్సులకు సగటున 1.12 పరుగులే ఇచ్చాడు. ప్రేక్షకులకు పరుగులు కరువయ్యాయి. 1969లో ఆ దిబ్బ ఎత్తును 15 అంగుళాల నుంచి 10 అంగుళాలకు తగ్గించారు, బంతి సరిగా పడినట్టు లెక్కించే పరిధినీ కుదించారు. గిబ్సన్ సగటు 2.18కి పెరిగింది. కాని ఆ ఏడు కూడా ఆయన 20 ఆటలు గెలిచాడు. నా గీటురాయి ప్రకారం ఇది మంచి మార్పు. పరుగులు పెరిగాయి, అయినా నిలకడగలవాడు పైనే ఉన్నాడు.

రెండో మార్పు మన ఇంపాక్టుకు అన్న వంటిది. అక్కడ రెండు లీగులున్నాయి. 1973లో అమెరికన్ లీగు, పిచ్చరు బదులు ఇంకొకడు బ్యాటు చేసే పద్ధతి పెట్టింది. నేషనల్ లీగు ఒప్పుకోలేదు. కరోనా ఏడు 2020ని మినహాయిస్తే 2021 దాకా రెండు లీగులూ రెండు నియమాలతో ఆడాయి. పక్కపక్క మళ్లలో రెండు రకాల ఎరువు వేసి చూసినట్టన్నమాట. అమెరికన్ లీగులో సాధారణంగా పరుగులు ఎక్కువ వచ్చేవి. చివరికి 2022లో నేషనల్ లీగు కూడా ఆ పద్ధతికే వచ్చింది. అంటే అమెరికాలో నా వాదం ఓడిపోయింది! అయితే ఒక తేడా ఉంది. బేస్‌బాల్ పిచ్చరు ఆ పని ఒక్కదానికే ఏళ్ల తరబడి సాధన చేసినవాడు, అతని బ్యాటింగు చాలావరకు నామమాత్రం. క్రికెట్లో బౌలరు బ్యాటింగు అలాంటిది కాదు. చివర్లో వచ్చి తీసే ఇరవై పరుగుల మీద ఎన్ని మ్యాచిలు తేలలేదు!

మూడో సంగతి నన్ను ఎక్కువగా కలవరపెట్టింది. బంతికి జిగురు పూసుకోవడాన్ని చాలాకాలం చూసీ చూడనట్టు వదిలేసిన బేస్‌బాల్ అధికారులు, 2021 జూన్‌లో, సీజను నడిమధ్యలో ఒక్కసారిగా తనిఖీలు మొదలుపెట్టారు. జిగురు పూయడం తప్పే. కాని నడి సీజనులో పట్టు మార్చుకోవలసి రావడం వల్లే తన మోచేయి దెబ్బతిన్నదని టైలర్ గ్లాస్నో అనే పిచ్చరు వాపోయాడు. నియమాన్ని మార్చడమే కాదు, ఎప్పుడు మార్చారన్నదీ ముఖ్యమే. విత్తనం వేశాక పంట మార్చుకోమంటే రైతు ఏమి చేస్తాడు?

ఎదుటి పక్షం మాట

వాదమంటే ఒక పక్షమే చెప్పడం కాదు. నా మీద రాగల ఆక్షేపణలు మూడు.

ఒకటి, నియమాలు ఎప్పుడూ బౌలరుకు వ్యతిరేకంగానే మారుతున్నాయన్నది నిజం కాదు. 2024లో ఐ.పి.యల్. ఓవరుకు రెండు బౌన్సర్లు అనుమతించింది. 2025లో రాత్రి మ్యాచిల్లో మంచుకు తడిసిన బంతి జారిపోతున్నదని, రెండో ఇన్నింగ్సులో పదో ఓవరు తర్వాత బంతి మార్చుకొనే వీలు కల్పించింది. ఇవి బౌలరుకు మేలే.

రెండు, నిలకడగలవాడు ఏ నియమం కిందనైనా నిలబడతాడు. పరుగుల వరద పారిన ఆ 2024 సీజనులోనే బుమ్రా ఓవరుకు 6.48 పరుగుల చొప్పున ఇచ్చి 20 వికెట్లు తీశాడు. అదే సీజనులో మే 2న ఉప్పల్లో రాజస్థాన్ జట్టుకు ఆఖరి బంతికి రెండు పరుగులు కావలసి ఉండగా భువనేశ్వర్ కుమార్ వికెట్టు తీసి సన్‌రైజర్సును ఒక్క పరుగుతో గెలిపించాడు. ఇక 287 కొట్టిన ఆ జట్టే మే 26న ఫైనల్లో కోల్‌కతా బౌలింగుకు 113 పరుగులకు కూలిపోయింది.

మూడు, అదనపు ఆటగాడికి అవకాశం వస్తుంది. ఇది కూడా నిజమే. మా తరగతి హిట్టరు కూడా ఆ నియమం వల్లే మొదటిసారి మ్యాచి ఆడాడు. అతని సంతోషం నేను కళ్లారా చూశాను.

మూడింటినీ ఒప్పుకుంటాను. కాని రెండో ఆక్షేపణలోనే నాకు జవాబు దొరికింది. బుమ్రా నిలబడ్డాడంటే అతడు బుమ్రా కనుక. నియమాలు గొప్పవాళ్ల కోసం రాయరు. మధ్యరకంవాళ్లు ఎలా ఎదుగుతారన్నదే నియమానికి పరీక్ష. గొప్పవాడు కూడా ఒకప్పుడు మధ్యరకంవాడే గదా! 2025 ఆగస్టు 4న లండన్ ఓవల్ మైదానంలో సిరాజ్‌ను గుర్తు తెచ్చుకోండి. ముందురోజు హ్యారీ బ్రూక్ 19 పరుగుల మీదున్నప్పుడు క్యాచి పట్టి, కాలు బౌండరీ తాడును తాకించి, ఆ వికెట్టు పోగొట్టినవాడు అతడే. బ్రూక్ 111 చేశాడు. చివరి రోజు పొద్దున ఇంగ్లండుకు 35 పరుగులు కావాలి, చేతిలో నాలుగు వికెట్లున్నాయి. అప్పటికి ఆ సిరీసులో అయిదు టెస్టులూ ఆడి వెయ్యికి పైగా బంతులు వేసిన అదే సిరాజ్ ఆఖరి వికెట్టును యార్కరుతో పడగొట్టాడు. భారత్ 6 పరుగులతో గెలిచింది. సిరీసులో అతనికి 23 వికెట్లు. టెస్టు క్రికెట్లో ఆటగాణ్ణి మధ్యలో తీసి ఇంకొకణ్ణి దింపే వీలుంటే, ఆ క్యాచి తర్వాత అతణ్ణి మైదానంలో ఉంచేవాళ్లమా? నిన్నటి తప్పును ఇవాళ దిద్దుకొనే అవకాశం ఉంటేనే నిలకడ పెరుగుతుంది.

మన మైదానానికి

ఐ.పి.యల్.కు ప్రేక్షకులు కావాలి, టెలివిజను హక్కులు అమ్ముడుపోవాలి. వాళ్ల నియమాలు వాళ్ల అవసరాలకు తగినవి. మన కళాశాల పోటీలకు టికెట్లు లేవు. మనం ఆడేది పదిమంది కలిసి ఆడటం నేర్చుకోవడానికి. పెద్ద రైతు బోరు వేశాడని మెట్ట రైతు వరి నాటితే ఏమవుతుందో మా ఊళ్లలో అందరికీ తెలుసు.

అందుచేత వచ్చే ఏటి క్రీడా కమిటీకి మూడు సూచనలు చేస్తున్నాను. మొదటిది, తరగతుల మధ్య పోటీల్లో ఇంపాక్ట్ నియమాన్ని తీసివేయాలి. ఇంకో మనిషికి అవకాశం కావాలంటే ప్రతి తరగతి నుంచి రెండో జట్టును కూడా ఆడిద్దాం. అప్పుడు మా హిట్టరు పూర్తి మ్యాచి ఆడతాడు, మా బౌలరు కూడా ఆడతాడు. రెండోది, ఏ నియమం మార్చినా పోటీలకు నెల ముందే నోటీసు బోర్డు మీద పెట్టాలి, మధ్యలో మార్చకూడదు. మూడోది, స్కోరు పుస్తకంలో ప్రతి బౌలరు ఓవరు ఓవరుకూ ఇచ్చిన పరుగులు రాయించాలి. సగటు మాత్రమే రాస్తే నిలకడ కనిపించదు. ఆ పుస్తకం రాసే పని నాకిస్తే సంతోషంగా చేస్తాను. మా శాఖలోని మిత్రులకు సంఖ్యాశాస్త్రం అభ్యాసంగా కూడా పనికివస్తుంది.

ఈ మాటలతో ఏకీభవించనివారు చాలామంది ఉంటారని తెలుసు. వక్తృత్వ సంఘం ఈ అంశం మీద ఒక చర్చ పెడితే ఎదుటి పక్షంలో మాట్లాడడానికి మా తరగతిలోనే ఇద్దరు సిద్ధంగా ఉన్నారు. నేను చెయ్యెత్తినప్పుడు ఆలోచించలేదు. ఈసారి ఆలోచించి దించుతున్నాను.

ఈ వ్యాసం రాసి మొదట మా బౌలరు మిత్రుడికే చూపించాను. ఆసాంతం చదివి, "లెక్కలన్నీ బాగుండాయి గానీ, నేను 13 పరుగులిచ్చినాననేది తప్పు. అందులో రెండు లెగ్‌బైలు" అన్నాడు. సవరించి రాస్తున్నాను: మూడు ఓవర్లు, 11 పరుగులు.